కాలనీ భోజనాలు: ఒకే బంతిలో అందరూ కడుపునిండా తినేలా ఏర్పాటు చేయడం ఎలా

"అక్కా, మా అపార్ట్‌మెంట్‌లో భోజనాలు పెట్టుకుంటున్నాం, వంద మంది దాకా వస్తారు, మాంసం తినేవాళ్ళు ఉన్నారు, తిననివాళ్ళు ఉన్నారు, మాల వేసుకున్నవాళ్ళు ఉన్నారు, షుగర్ వాళ్ళు ఉన్నారు, ఏం వండాలి?" ఈ ప్రశ్న నాకు సంక్రాంతికి ముందు ఒకసారి, ఉగాదికి ముందు ఒకసారి, కార్తీకంలో అయితే వారానికోసారి వస్తుంది. అందరికీ ఫోన్‌లో విడివిడిగా చెప్పే బదులు ఒకచోట రాసి పెడుతున్నాను.

కడపలో మా కాలనీలో నలభై ఇళ్ళు. ఉగాది రోజు దేవుని కడప వెంకటేశ్వరస్వామి గుడికి ముస్లింలు వచ్చి కొబ్బరికాయ కొట్టే ఊరు ఇది, పెద్ద దర్గా ఉరుసుకు హిందువులు వెళ్ళే ఊరు ఇది. గుళ్ళో, దర్గాలో రాని ఇబ్బంది మాకు విస్తరాకు దగ్గర వచ్చింది. మొదటి ఏడాది భోజనాల్లో, చికెన్ పులుసు వడ్డిస్తున్న పిల్లవాడు తొందరలో అదే గరిటె పక్కనున్న పప్పు బకెట్‌లో పెట్టాడు. నా ఎదురు వరుసలో కూర్చున్న పెద్దావిడ అది చూసింది. ఒక్క మాట అనలేదు. ఆకు కొనను మెల్లగా లోపలికి మడిచి, గ్లాసులో నీళ్ళు తాగి, "ఆకలి లేదమ్మా" అని లేచిపోయింది. ఆకులో అన్నం అలాగే ఉంది. తర్వాత రెండేళ్ళు ఆమె రాలేదు. కింద రాసిందంతా అప్పటినుంచి ఏడాదికొకటి చొప్పున నేర్చుకున్నదే.

ముందుగా కావలసినవి

- ఇంటింటి వివరాలు రాసుకోవడానికి ఒక నోటుబుక్కు. వాట్సాప్ గ్రూప్ ఉన్నా నోటుబుక్కు ఉండాల్సిందే.
- కనీసం రెండు పొయ్యిలు, దూరం దూరంగా పెట్టే చోటు.
- రెండు సెట్ల గరిటెలు, జల్లిగరిటెలు, వడ్డన బకెట్లు. మాంసం లేని వంటల సెట్టు పిడులకు ఆకుపచ్చ గుడ్డ పేలిక, మాంసం సెట్టుకు ఎర్ర పేలిక కట్టాలి.
- రెండు కత్తిపీటలు, రెండు బేసిన్లు.
- అట్టముక్కలు, లావు మార్కర్ పెన్ను.
- మాంసం లేని వంటల దగ్గరనుంచి చివరిదాకా కదలని మనిషి ఒకరు. మిగతావన్నీ టెంట్ హౌస్‌లో దొరుకుతాయి, ఈ మనిషిని మాత్రం మీరే వెతుక్కోవాలి.

1. పది రోజుల ముందే అడగండి, తిండి గురించి మాత్రమే అడగండి

"మీరేమోళ్ళు?" అని అడిగి దాన్నిబట్టి లెక్క వేసుకోవడం మనకు అలవాటు. దయచేసి అది మానేయండి. దాంతో మనసు నొచ్చుకుంటుంది, పైగా లెక్క కూడా తప్పుతుంది. పేరు చివరి మాట చూసి మాంసం తింటారనుకున్న ఇంట్లో నానమ్మ ముప్పై ఏళ్ళుగా గుడ్డు ముట్టి ఉండదు. తినరనుకున్న ఇంట్లో పిల్లలు చికెన్ కోసం ఎదురుచూస్తుంటారు. మతాన్నిబట్టి, కులాన్నిబట్టి వేసిన లెక్క మాకు ఒక్క ఏడాది కూడా సరిపోలేదు.

మేము పంపే మెసేజ్ ఇది, కావాలంటే ఇలాగే వాడుకోండి:

"ఆదివారం మధ్యాహ్నం భోజనాలకు మీ ఇంటినుంచి ఎంతమంది వస్తున్నారు? అందులో మాంసం తినేవాళ్ళు ఎంతమంది, తిననివాళ్ళు ఎంతమంది? ఉల్లి, వెల్లుల్లి తిననివాళ్ళు ఉన్నారా? చెనిక్కాయలు (పల్లీలు), పాలు, గుడ్డు, గోధుమ వంటివి ఎవరికైనా పడవా? ఆ రోజు ఉపవాసం, దీక్ష, రోజా ఉన్నాయా? గ్రూపులో చెప్పడం ఇష్టం లేకపోతే నాకు విడిగా ఫోన్ చేయండి."

చివరి వాక్యం తీసేయొద్దు. షుగర్ ఉందనో, ఫలానాది తింటే ఒళ్ళంతా దద్దుర్లు వస్తాయనో వందమంది ముందు చెప్పుకోవడానికి చాలామందికి మొహమాటం. మెసేజ్‌కు జవాబు రాని ఇళ్ళు పది దాకా ఉంటాయి, ఎక్కువగా పెద్దవాళ్ళు ఒంటరిగా ఉండేవి. ఆ ఇళ్ళ తలుపు తట్టి అడగండి.

వాచ్‌మన్, చెత్త తీసే ఆవిడ, నీళ్ళ క్యాన్ల అబ్బాయి, వాళ్ళ పిల్లలు, వీళ్ళందరూ లెక్కలో ఉండాలి. వాళ్ళను కూడా అవే ప్రశ్నలు అడగండి. "మిగిలింది పెడదాంలే" అనే మాట వినిపిస్తే అక్కడే ఆపేయండి.

2. తేదీ చూసుకోండి

క్యాలెండర్ ముందేసుకుని చూస్తే సగం ఇబ్బందులు అక్కడే పోతాయి. సోమవారం, శనివారం మాంసం ముట్టని ఇళ్ళు మన సీమలో చాలా ఎక్కువ, గురువారం మానేసేవాళ్ళూ ఉన్నారు. ఏకాదశి అయితే కొందరు అన్నమే తినరు. నవంబరు మధ్యనుంచి డిసెంబరు చివరిదాకా అయ్యప్ప దీక్షలు, 41 రోజులు. రంజాన్ నెల ప్రతి ఏడాది దాదాపు 11 రోజులు ముందే వస్తుంది కాబట్టి పోయినేటి తేదీ పట్టుకుని లెక్క వేయొద్దు. ఈస్టర్‌కు ముందు వచ్చే శ్రమకాలంలో మాంసం మానేసే క్రైస్తవ కుటుంబాలు కూడా ఉంటాయి.

రోజా ఉంటారని భోజనాలు రాత్రికి మారిస్తే ఇంకో చిక్కు వస్తుంది. ప్రొద్దుటూరు, ఆదోని వంటి వ్యాపారపు ఊళ్ళలో మార్వాడీ జైన కుటుంబాలు ఉంటాయి, నియమం గట్టిగా పాటించేవాళ్ళు పొద్దుగూకాక తినరు. అందుకే నా మాట వింటే రంజాన్, కార్తీకం రెండూ తప్పించి ఒక ఆదివారం మధ్యాహ్నం పెట్టుకోండి. కార్తీకంలోనే వనభోజనాలు చేయాలనుకుంటే ఆ రోజుకు మాంసం వదిలేయడం మేలు. కులానికొక చోట జరిగే వనభోజనాలు మనం చూస్తూనే ఉన్నాం, ఒక కాలనీ అంతా కలిసి ఒక్క చెట్టు కింద కూర్చోవడం కోసం ఒకపూట చికెన్ లేకపోయినా ఎవరికీ నష్టం లేదు.

దీక్షలో ఉన్న స్వాములు చాలామంది బయట వండింది తినరు. "కొంచెం తినండి స్వామీ, ఏం కాదు" అని బలవంతం చేయొద్దు. అరటిపళ్ళు, కడిగిన గ్లాసులో పాలు, కూర్చోవడానికి అందరితోపాటు ఒక కుర్చీ. ఇవి చాలు.

3. అందరూ తినగలిగే వంట పెద్దగా, కొందరే తినేది పక్కన

ఏర్పాటంతా ఈ ఒక్క సంగతి మీద నిలబడుతుంది. చాలామంది మాంసం వంటలు నాలుగు పెట్టి, తిననివాళ్ళకు "ఏదో ఒక కూర" చేస్తారు. దీన్ని తిరగేయండి. పప్పు, చారు, కూర, సంకటి, పెరుగు, తీపి ఇవన్నీ ఎవరైనా తినేలా చేసి, వాటి పక్కన ఒక్క నాటుకోడి పులుసో, చికెనో పెట్టండి. అప్పుడు ఎవరి ఆకూ బోసిగా కనిపించదు.

మా జాబితా ఇది: తెల్లన్నం, రాగి సంకటి, దోసకాయ పప్పు, సొరకాయ కూర, చారు, చెనిక్కాయల ఊరిబిండి (పచ్చడి), అలసంద వడలు, పెరుగు, మజ్జిగ, ఓళిగలు (బొబ్బట్లు), పక్కన కోడి పులుసు.

దోసకాయ పప్పులో ఉల్లి, వెల్లుల్లి, అల్లం వేయం. ఎండుమిరప, జీలకర్ర, ఇంగువతో తాళింపు. నియమం ఉన్న జైనులు ఉల్లి, వెల్లుల్లితోపాటు ఆలుగడ్డ, క్యారెట్, ముల్లంగి, అల్లం వంటి నేలలో పండే దుంపలు కూడా తినరు, కొందరు వంకాయ కూడా ముట్టరు. అందుకే గుత్తివంకాయ ఎంత ఇష్టమైనా మేము సొరకాయకు మారాం. ఇంకో చిట్కా ఏమిటంటే, బజారులో దొరికే ఇంగువలో ఎక్కువగా గోధుమపిండో మైదానో కలిపి ఉంటుంది, గోధుమ పడనివాళ్ళు ఉంటే తాళింపు పెట్టకముందే పప్పు ఒక గిన్నెలోకి తీసి మూతపెట్టండి. అదే గిన్నె కారం తినలేని చిన్నపిల్లలకూ పనికొస్తుంది.

చెనిక్కాయల సంగతి మన జిల్లాల్లో ప్రత్యేకంగా చెప్పాలి. అనంతపురం, కడప, కర్నూలులో చెనిక్కాయల పొడి పడని కూర ఉండదు. వేపుడులో అది, వంకాయలో అది, వంటమాస్టర్ అడక్కుండానే చివర్లో గుప్పెడు చల్లేస్తాడు. పడనివాళ్ళకు కొంచెం తగిలినా ఊపిరాడని పరిస్థితి రావచ్చు. కాబట్టి చెనిక్కాయలు ఊరిబిండిలో మాత్రమే ఉండాలి, ఆ గిన్నె చివర్లో విడిగా ఉండాలి, కూరల్లో దాని బదులు పుట్నాల పొడో ఎండుకొబ్బరో వాడాలి. నూనె కూడా ఆ రోజుకు పొద్దుతిరుగుడు నూనె తీసుకోండి, గానుగ చెనిక్కాయల నూనె వద్దు. ఇదంతా వంటమాస్టర్‌కు ఒకసారి చెబితే చాలదు, పొడి డబ్బానే వంట దగ్గరనుంచి తీసేయండి.

షుగర్ ఉన్నవాళ్ళ విషయంలో రెండు అపోహలు పోవాలి. బెల్లంతో చేసిన ఓళిగ కదా ఏం కాదు అంటారు, బెల్లం కూడా చక్కెరలాగే షుగర్ పెంచుతుంది. రాగి సంకటి ఎంత తిన్నా పర్వాలేదు అంటారు, సంకటిలో బియ్యం కూడా ఉంటాయి, రాగిలోనూ పిండిపదార్థమే ఎక్కువ. సగం ముద్దలు కొన్ని చేసి పెట్టండి, కూర, పప్పు ఎక్కువ వేయండి, తీపి బదులు జామకాయ ముక్కలు ఉంచండి. మందులు వేసుకునేవాళ్ళకు భోజనం ఆలస్యమైతే కళ్ళు తిరగొచ్చు, వాళ్ళను మొదటి బంతిలోనే కూర్చోబెట్టండి.

మాంసం కొనేటప్పుడు హలాల్ కోసే అంగట్లో కొనండి, వీలైతే ముస్లిం ఇంటి మనిషిని ఒకరిని తోడు తీసుకెళ్ళండి. వాళ్ళ కళ్ళతో చూసిన కోడి అయితే మిగతావాళ్ళు అడగాల్సిన పని లేదు. హలాల్ వద్దనేవాళ్ళు కూడా ఎవరైనా ఉంటే పది రోజుల ముందు అడిగినప్పుడే తెలుస్తుంది. పంది మాంసం, గొడ్డు మాంసం రెండూ ఉమ్మడి వంటలోకి రానివ్వొద్దు. టెంట్ హౌస్ గిన్నెల్లో ఇంతకుముందు ఏం వండారో మనకు తెలియదు కాబట్టి కోడి పులుసుకు మా పక్కింటి వాళ్ళ పెద్ద డేగిసా తెచ్చుకుంటాం, మాంసం లేని వంటలకు ఇంకో ఇంటి గంగాళం.

అంతా మాంసం లేకుండా చేస్తే సరిపోదా అని చాలామంది అడుగుతారు. గుడి అన్నదానం అయితే ప్రశ్నే లేదు. కాలనీ భోజనం అయితే మాత్రం గ్రూపులో గట్టిగా మాట్లాడే నలుగురి మాట మీద తేల్చొద్దు, అందరినీ అడిగి తేల్చండి. పండగ అంటే కోడి కూర అనుకునే ఇళ్ళు కూడా మనవే.

4. లెక్క

వందమందిలో అరవైమంది మాంసం తింటారనుకుందాం. అందరూ చేసే తప్పు, పప్పు, కూర మిగతా నలభైమందికే వండడం. కోడి పులుసు తినేవాళ్ళు పప్పు కూడా వేయించుకుంటారు, వడలు రెండు అడుగుతారు. చివరి బంతికి వచ్చేసరికి మాంసం తిననివాళ్ళకు చారు నీళ్ళు మిగులుతాయి. మాంసం లేని వంటలు వందమందికీ వండాలి.

సంకటి కూడా ఉంటే వందమందికి 10 నుంచి 12 కిలోల బియ్యం, 4 కిలోల కందిపప్పు, 10 లీటర్ల పెరుగు మాకు సరిపోతున్నాయి. అరవైమందికి ఎముకతో కలిపి 12 కిలోల చికెన్. ఓళిగలు మనిషికి రెండు చొప్పున. పిల్లలు ఎక్కువుంటే బియ్యం తగ్గించి వడలు పెంచండి.

5. వండేటప్పుడు

మాంసం లేనివన్నీ ముందు వండి, మూతలు పెట్టి, వేరే బల్ల మీదకు చేర్చాకే కోడి పొయ్యి దగ్గరకు రావాలి. వడలు కొత్త నూనెలో వేయించండి. చేపలో, చికెనో వేయించిన నూనెను "వడకట్టాం కదా" అని వాడడం నేను రెండుచోట్ల చూశాను.

పచ్చ పేలిక గరిటె పచ్చ గిన్నెలోనే, ఎర్ర పేలిక గరిటె ఎర్ర గిన్నెలోనే. మూతలు కూడా మారకూడదు, ఇది అందరూ మరిచిపోతారు. కోడి పులుసు మీద పెట్టిన మూత లోపలి ఆవిరినీళ్ళు తెచ్చి పప్పులో కారుస్తారు. ప్యాకెట్ మసాలాలు, నెయ్యి, స్వీట్లు కొంటే చతురస్రంలో ఆకుపచ్చ చుక్క ఉందో లేదో చూడండి. గోధుమ రంగు త్రికోణం ఉంటే అది మాంసాహారం.

మన ఎండల సంగతి తెలిసిందే, ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటుతుంది. వండినవి పొగలు కక్కే వేడి మీదే ఉండాలి, వేడి తగ్గాక గంటలోపే వడ్డన అయిపోవాలి. రెండో బంతి ఆలస్యమైతే పులుసు మళ్ళీ మరగనివ్వండి. పెరుగు బకెట్ ఐసు మీద పెట్టండి.

6. అట్టముక్కల మీద ఏం రాయాలి

"వెజ్", "నాన్‌వెజ్" అని రాసి వదిలేస్తే ఉపయోగం సగమే. ఆ వంటలో ఏముందో, ఏం లేదో రాయండి. "దోసకాయ పప్పు: ఉల్లి, వెల్లుల్లి, అల్లం లేవు, ఇంగువ ఉంది." "ఓళిగ: మైదా, నెయ్యి, బెల్లం ఉన్నాయి." "ఊరిబిండి: చెనిక్కాయలు ఉన్నాయి." ఫలానావాళ్ళ కోసం అని మాత్రం ఎప్పుడూ రాయొద్దు. ఒక ఏడాది "షుగర్ పేషెంట్ల కోసం" అని రాస్తే ఆ గిన్నె దగ్గరకు ఒక్కరూ రాలేదు. అక్షరాలు పెద్దవిగా ఉండాలి, చదవలేనివాళ్ళకు వడ్డించేవాళ్ళు నోటితో చెప్పాలి.

7. కూర్చోబెట్టడం, వడ్డించడం

ఏ బంతి అయినా అందరూ కలిసే కూర్చోవాలి. మాంసం తిననివాళ్ళను వేరే గదిలోకో, తినేవాళ్ళను షామియానా బయటకో పంపొద్దు, అది తిండి పేరు మీద మనుషులను విడదీయడమే. మాంసం వాసన అసలు పడనివాళ్ళు వాళ్ళంతట వాళ్ళు అడిగితే గాలి వచ్చే వైపు చివర్లో చోటు చూపించండి.

వడ్డించేవాళ్ళు రెండు జట్లు. మొదటి జట్టు అన్నం, సంకటి, పప్పు, కూర, వడలు అందరికీ వేసి వచ్చాక, రెండో జట్టు కోడి పులుసుతో బయలుదేరాలి. ఒక జట్టువాళ్ళు ఇంకో జట్టు బకెట్ ముట్టకూడదు, చెయ్యి ఖాళీగా ఉన్నా సరే. ప్రతి ఆకు దగ్గర ఆగి "వేయమంటారా?" అని అడగాలి. ఎవరైనా ఆకు మీద చెయ్యి అడ్డం పెడితే ముందుకు వెళ్ళిపోవాలి. "ఎందుకు తినరు?", "ఎప్పటినుంచి?", "ఒక్క ముక్క" ఇవేవీ వద్దు. మనకు బలవంతంగా పెట్టడం మర్యాద, నాకు తెలుసు, నేనూ అలాగే పెరిగాను. ఆ మర్యాదంతా పెరుగు, ఓళిగల దగ్గర చూపించమని పిల్లలకు ముందే చెప్పండి.

ఎంత జాగ్రత్తపడ్డా ఎప్పుడో ఒకసారి గరిటె మారుతుంది. అప్పుడు ముక్క తీసేసి కలిపేయడం, ఎవరూ చూడలేదు కదా అని ఊరుకోవడం చేయొద్దు. ఆ బకెట్‌ను మాంసం వైపు పంపేయండి, గంగాళంలోనుంచి కొత్త బకెట్ తెప్పించండి, ఆ పప్పు వేయించుకున్నవాళ్ళకు ఉన్నమాట చెప్పి కొత్త ఆకు వేయండి. మా కాలనీలో మూడేళ్ళ కింద ఇలా జరిగితే నిజం చెప్పి ఆకులు మార్చాం, ఒక్కరు కూడా లేచి వెళ్ళలేదు.

8. సరిగా జరిగిందో లేదో ఎలా తెలుస్తుంది

వంట జరుగుతున్నప్పుడు ఉల్లి తినని ఇంటినుంచి ఒకరిని తాళింపు దగ్గర ఉండమనండి. చెనిక్కాయలు పడని బిడ్డ తల్లిని వంటసామాను ఒకసారి చూడమనండి. వాళ్ళు కళ్ళతో చూస్తే నమ్మకంగా తింటారు, మీరు వందసార్లు చెప్పినా అంత నమ్మకం రాదు.

భోజనాలు అవుతున్నప్పుడు ఆకుల వెంబడి ఒకసారి నడవండి. పెరుగన్నం మాత్రమే ఉన్న ఆకు కనిపిస్తే అక్కడ ఆగి "ఏం తెప్పించమంటారు?" అని మెల్లగా అడగండి. బంతి లేచాక విస్తర్లు మడవకముందే చూడండి, ఏ వంట ముట్టకుండా ఉందో అక్కడే తెలుస్తుంది. మరుసటిరోజు, విడిగా ఫోన్ చేసి తమ ఇబ్బంది చెప్పుకున్నవాళ్ళకు మీరే ఫోన్ చేసి "సరిపోయిందా?" అని అడిగి నోటుబుక్కులో రాసుకోండి. వచ్చే ఏడాది ఆ పేజీయే మీకు దారి చూపిస్తుంది.

ఇంటికొక వంట తెచ్చుకునే పద్ధతి అయితే

ఖర్చు తక్కువ, వంటమాస్టర్ పని లేదు. కానీ ఏ గిన్నెలో ఏముందో తెలియక అందరూ తమ ఇంటిది తామే తినేసి వెళ్తారు. ప్రతి గిన్నెకూ, వేసిన సరుకులన్నీ రాసిన చీటీ, సొంత గరిటె తప్పనిసరి చేయండి. అన్నం, పప్పు, పెరుగు మాత్రం ఒకేచోట, అందరి ఎదురుగా వండండి. వేరే ఇళ్ళ వంట తినడానికి వెనకాడేవాళ్ళు కూడా ఆ మూడింటితో కడుపు నింపుకుంటారు.

వడ్డించినవాళ్ళ సంగతి

చివర్లో తినేది వడ్డించినవాళ్ళు, వంటమాస్టర్ మనుషులు, గిన్నెలు తోమే ఆడవాళ్ళు. వాళ్ళలోనూ మాంసం తిననివాళ్ళు ఉంటారు, షుగర్ ఉన్నవాళ్ళు ఉంటారు, అప్పటికి మూడు దాటి ఉంటుంది. మొదటి బంతి కూర్చోకముందే వాళ్ళందరి లెక్క చూసి, ఏది కావాలన్నవాళ్ళకు అది, పచ్చ పేలిక గిన్నెలో కొంత, ఎర్ర పేలిక గిన్నెలో కొంత తీసి మూతపెట్టండి. ఓళిగలు కూడా మనిషికి రెండు లెక్కపెట్టే తీయండి, లేకపోతే పిల్లలు వచ్చి పట్టుకుపోతారు. వాళ్ళు కూర్చున్నాక మీరు వడ్డించండి. మా పెద్దావిడ నాలుగో ఏడాది మళ్ళీ వచ్చింది, ఇప్పుడు ఆ చివరి బంతికి పప్పు వడ్డించేది ఆమే, పచ్చ పేలిక గరిటె ఇంకెవరి చేతికీ ఇవ్వదు.